విరామవేళ తీర్పు: అమెరికా కళాశాలల ఫుట్‌బాల్‌ - ఒక పరిశీలన

ఫుట్‌బాల్‌ అనగానే హైదరాబాదు వాసులకు రహీం సాహెబ్‌ స్ఫురణకు రావడం సహజం. బడిపంతులుగా జీవితం ప్రారంభించి, సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో భారత జట్టుకు స్వర్ణపతకాలు సాధించి పెట్టిన సయ్యద్‌ అబ్దుల్‌ రహీం గారు మన ఊరి కీర్తి. అయితే వారు నేర్పినది కాలితో ఆడే ఆట. ఈ వ్యాసంలో మేము వివరింపదలచినది అదే పేరుతో అమెరికాలో చేతితో ఆడే మరొక ఆటను గురించి.

దీనికి ఒక కారణం ఉన్నది. అమెరికాలో ఎం.ఎస్‌. చదువుచున్న మా పూర్వ విద్యార్థి ఒకడు సెలవులకు వచ్చి మమ్ములను చూడవచ్చినాడు. చదువు సంగతులు అడుగగా, "సార్‌, అక్కడ శనివారం వచ్చిందంటే ఊరు ఊరంతా యూనివర్సిటీ స్టేడియంలోనే ఉంటది. మిగిలిన ఆరు రోజులు ఒకటే చర్చ, క్వార్టర్‌బ్యాక్‌ ఎవరు అని" అన్నాడు. విద్యార్థులు ఆడే ఒక ఆటను గురించి ఇంత చర్చ ఎందుకని మాకు ఆశ్చర్యం కలిగినది. విషయం తెలుసుకొనుచు పోగా, అది ఆటతో ముగిసే సంగతి కాదనియు, విద్యార్థులను అంచనా వేయు మా వంటి వారికి సైతం అందులో పాఠమున్నదనియు తోచినది.

ముందుగా ఆట స్వరూపం. ఒక్కొక్క జట్టులో పదకొండుగురు ఉంటారు. మైదానం పొడవు 100 గజాలు. బంతి గుండ్రంగా కాక, రెండు కొనలు తేలి ఉంటుంది. బంతి చేతనున్న జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు సాగితే మరల నాలుగు అవకాశాలు లభిస్తాయి. సాగలేకపోతే బంతి ఎదుటివారి పాలు. ఎదుటివారి చివరి గీత దాటించి బంతిని చేర్చితే 6 పాయింట్లు. దానినే టచ్‌డౌన్‌ అంటారు. బంతిని తన్ని గోలు స్తంభాల నడుమ నుండి పంపితే 3 పాయింట్లు, అది ఫీల్డ్‌గోల్‌. కాలికి పని పడేది ఇటువంటి కొద్ది సందర్భాలలో మాత్రమే. మన కబడ్డీ ఎరిగినవారికి ఈ ఆట త్వరగానే అర్థం కాగలదు. గీత దాటుట, పట్టుబడుట, ఒక్కనిపై పలువురు ఒక్కుమ్మడిగా పడుట అన్నీ ఇందులోనూ ఉన్నవి.

ఈ ఆట కళాశాలలలోనే పుట్టినది. 1869 నవంబరు 6న రట్‌గర్స్‌, ప్రిన్స్‌టన్‌ విద్యార్థుల మధ్య జరిగిన పోటీని దీనికి నాందిగా చెప్పుకొంటారు. రట్‌గర్స్‌ వారు 6-4తో గెలిచినారు. తొలినాళ్లలో ఇది ప్రాణాంతకమైన ఆటగా ఉండెడిది. 1905లో పలువురు యువకులు మరణించగా, అధ్యక్షుడు థియొడోర్‌ రూజ్‌వెల్ట్‌ స్వయంగా ప్రధాన కళాశాలల ప్రతినిధులను పిలిపించి మాట్లాడవలసి వచ్చినది. ఆ మరుసటి సంవత్సరం బంతిని చేతితో ముందుకు విసరుటకు అనుమతి లభించినది. ఆ ఒక్క మార్పుతో ఒక ఆటగానికి అంతులేని ప్రాధాన్యం కలిగినది. అతడే క్వార్టర్‌బ్యాక్‌.

ప్రతి ఎత్తునకు ముందు బంతి మొదట ఇతని చేతికి వస్తుంది. మీదికి దూకుచున్న ప్రత్యర్థులు చేరుటకు రెండు మూడు క్షణాలకు మించి వ్యవధి ఉండదు. ఆ లోపలనే తనవారిలో ఎవరు ఎటు పరుగెత్తుచున్నారో చూచి విసరవలెను, లేదా పక్కవానికి అందింపవలెను, లేదా తానే పరుగు తీయవలెను. జట్టు గెలిచితే కీర్తి ఇతనిది, ఓడితే నింద ఇతనిది. ఇరువది ఏండ్లు నిండీ నిండని విద్యార్థి లక్షమంది చూచుచుండగా ఈ భారం మోయవలెను. లక్ష అనుటలో అతిశయోక్తి లేదు. మిషిగన్‌ విశ్వవిద్యాలయపు స్టేడియం ఒక్కదానిలోనే 1,07,601 మంది కూర్చొనవచ్చును.

చాలాకాలం జాతీయ విజేత ఎవరన్నది మైదానంలో తేలెడిది కాదు. పత్రికా విలేఖరుల ఓట్లతోను, శిక్షకుల ఓట్లతోను నిర్ణయమయ్యెడిది. 2014 సీజను నుండి నాలుగు జట్లతోను, 2024 సీజను నుండి పన్నెండు జట్లతోను చివరి దశ పోటీలు పెట్టి విజేతను తేల్చుచున్నారు. అయినను అభిమానుల వాదనలు తగ్గలేదు. ఆ వాదనలకు పరాకాష్ఠ అనదగిన ఒక రాత్రిని గురించి ఇక్కడ చెప్పవలెను.

2018 జనవరి 8. అట్లాంటా నగరం. అంతిమ పోటీ అలబామా, జార్జియా విశ్వవిద్యాలయాల మధ్య. అలబామా క్వార్టర్‌బ్యాక్‌ జేలెన్‌ హర్ట్స్‌, టెక్సాస్‌కు చెందిన ఒక పాఠశాల శిక్షకుని కుమారుడు. 2016లో మొదటి సంవత్సరం విద్యార్థిగానే జట్టు పగ్గాలు చేపట్టి, ఆ ఏటి అంతిమ పోటీ వరకు నడిపించినవాడు. కాని ఆ రాత్రి అతని చేయి సాగలేదు. విసరిన ఎనిమిదింటిలో మూడు మాత్రమే తనవారికి అందినవి. విరామ సమయానికి జార్జియా 13, అలబామా సున్న. అప్పుడు శిక్షకుడు నిక్‌ సేబన్‌ హర్ట్స్‌ను పక్కన కూర్చుండబెట్టి, హవాయి దీవుల నుండి వచ్చిన మొదటి సంవత్సరపు విద్యార్థి, ఎడమచేతి వాటంవాడు, టువా టాంగోవైలోవాను బరిలోకి దింపినాడు.

తరువాతి కథ అమెరికాలో పిల్లవానికి కూడా తెలుసు. ఆట 20-20తో సమమైనది. అదనపు ఆటలో జార్జియా ఫీల్డ్‌గోల్‌తో 3 పాయింట్లు ముందుకు పోయినది. అలబామా తొలి ఎత్తులో టువా పట్టుబడి 16 గజాలు వెనుకకు పోయినాడు. మరుసటి ఎత్తులోనే 41 గజాల దూరం బంతి విసరి, డెవాంటా స్మిత్‌కు అందించి, ఆటను 26-23తో ముగించినాడు. కొత్తవాడు ఒక్క రాత్రిలో వీరుడైనాడు. పాతవాడో? జట్టును నడిపిన 28 ఆటలలో, ఈ ఆటతో కలిపి, 26 గెలిచినవాడు. అతడు ఆ రాత్రి పక్కన నిలిచి, తన స్థానంలోకి వచ్చినవానికై చప్పట్లు కొట్టినాడు.

ఆ వేసవి అంతయు అభిమానుల చర్చ రెండు పాయలుగా సాగినది. "పరుగు తీసేవాడు క్వార్టర్‌బ్యాక్‌ కాడు, విసరేవాడే క్వార్టర్‌బ్యాక్‌, హర్ట్స్‌ కథ ముగిసినది" అని ఒక పక్షం. "గెలిపించినవానిని ఒక్క చెడ్డ పూటకు తీసివేయుట కృతఘ్నత" అని రెండవ పక్షం. హర్ట్స్‌ తప్పక వేరొక విశ్వవిద్యాలయానికి పోగలడని అనేకులు తలచినారు. అతడు పోలేదు. 2018 సీజనంతా రెండవవానిగా కూర్చున్నాడు. డిసెంబరు 1న, అదే అట్లాంటా స్టేడియంలో, అదే జార్జియా జట్టుపై జరిగిన పోటీలో అలబామా 21-28తో వెనుకబడి ఉండగా టువా కాలికి గాయమైనది. హర్ట్స్‌ లేచి వచ్చి, ఒక టచ్‌డౌన్‌ విసరి, మరొకటి తానే పరుగెత్తి సాధించి, జట్టును 35-28తో గెలిపించినాడు.

విద్యార్థి మిత్రులు గమనింపవలసిన సంగతి ఒకటి ఇక్కడ ఉన్నది. ఆనాటి నియమాల ప్రకారం విశ్వవిద్యాలయం మారిన ఆటగాడు సామాన్యంగా ఒక సంవత్సరం ఆడకుండ ఉండవలెను. పట్టా పుచ్చుకొన్నవానికి మాత్రం మినహాయింపు. హర్ట్స్‌ ఆ డిసెంబరులోనే పట్టభద్రుడైనాడు. ఆ పట్టా చేతనుండుట వలననే ఓక్లహామా విశ్వవిద్యాలయానికి మారి వెంటనే ఆడగలిగినాడు. అతడొక్కడే కాదు. ఒహాయో స్టేట్‌లో అవకాశం చిక్కని జో బరో కూడా పట్టా పుచ్చుకొనియే లూసియానా స్టేట్‌కు చేరినాడు. 2019 సీజనులో 60 టచ్‌డౌన్‌ పాసులు విసరి, ఒక్క ఓటమి లేకుండ, 2020 జనవరి 13న క్లెమ్సన్‌పై 42-25తో జాతీయ విజేతగా నిలిచినాడు. ఆ యేటి ఉత్తమ ఆటగాని బహుమతి అయిన హైస్‌మన్‌లో బరో ప్రథముడు, హర్ట్స్‌ ద్వితీయుడు. ఇద్దరికిని తలుపు తెరచినది చదువే.

ఇక భవిష్యత్తును అంచనా వేయు శాస్త్రం. ప్రతి వసంతంలో వృత్తి జట్లు కళాశాల ఆటగాండ్రను వరుసగా ఎంచుకొంటాయి. దానిని డ్రాఫ్ట్‌ అంటారు. అంతకుముందు వారి ఎత్తు, బరువు, 40 గజాల పరుగు వేగం, తుదకు అరచేతి కొలత సైతం తీస్తారు. బరో అరచేయి 9 అంగుళాలే ఉన్నదని 2020లో ఎంత చర్చ జరిగినదో! ఇన్ని కొలతలున్నను అంచనాలు తప్పుచునే ఉన్నవి. 2000లో మిషిగన్‌ విద్యార్థి టామ్‌ బ్రేడీని 199వ వానిగా ఎంచుకొన్నారు. అతడు ఏడు సూపర్‌బౌల్‌లు గెలిచినాడు. 2022లో అందరికన్న చివర, 262వ వానిగా మిగిలిన బ్రాక్‌ పర్డీ రెండేండ్లు తిరుగక మునుపే తన జట్టును సూపర్‌బౌల్‌కు చేర్చినాడు. 2020 డ్రాఫ్టులో బరో మొదటివాడు, టువా అయిదవవాడు, హర్ట్స్‌ 53వ వాడు. టువా 2023లో ఆ లీగు మొత్తంలో అత్యధిక గజాల పాసులు విసరినాడు. కనుక అతనిని మెచ్చినవారిది పొరపాటు కాదు. హర్ట్స్‌ 2025 ఫిబ్రవరి 9న సూపర్‌బౌల్‌ గెలిచి ఉత్తమ ఆటగాడైనాడు. కనుక అతని కథ ముగిసినదన్నవారిది మాత్రం పొరపాటే.

కొలబద్దలలో మరొక దోషం కూడా ఉండెడిది. అది చేతి కొలతలకు అందనిది. నల్లజాతి యువకునికి పరుగు ఉండవచ్చును గాని, జట్టును నడిపే బుద్ధి ఉండదని చిరకాలం భావించినారు. కళాశాలలో క్వార్టర్‌బ్యాక్‌గా రాణించినవానిని సైతం వేరొక స్థానానికి మార్చెడివారు. లూసియానాలోని గ్రాంబ్లింగ్‌, నల్లజాతి వారి విద్యకై ఏర్పడిన చిన్న కళాశాల. అక్కడ ఎడ్డీ రాబిన్సన్‌ 1941 నుండి 1997 వరకు శిక్షకుడుగా ఉండి 408 ఆటలు గెలిపించినాడు. ఆయన శిష్యుడు డగ్‌ విలియమ్స్‌ 1988 జనవరి 31న వాషింగ్టన్‌ జట్టు క్వార్టర్‌బ్యాక్‌గా, 10 పాయింట్లు వెనుకబడిన స్థితి నుండి, 42-10తో సూపర్‌బౌల్‌ గెలిచినాడు. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌ ఆ విజయం సాధించుట అదే ప్రథమం. అంతటితో పాత భావం తొలగిపోయినదా అంటే లేదు. 2016 హైస్‌మన్‌ విజేత లమార్‌ జాక్సన్‌ను 2018లో స్థానం మార్చుకొమ్మని సలహా ఇచ్చినవారున్నారు. మరుసటి సంవత్సరమే అతడు లీగులో సర్వోత్తమ ఆటగాడుగా ఏకగ్రీవంగా ఎన్నికైనాడు.

ఈ ఆటలో అంతా ఆదర్శమని మేము చెప్పుటలేదు. తలకు తగిలే దెబ్బలు ఎందరి ఆరోగ్యాన్నో చెరచినవి. కోట్ల డాలర్ల రాబడి తెచ్చే విద్యార్థులకు తమ పేరుపై డబ్బు పుచ్చుకొను హక్కు 2021లో గాని రాలేదు. అయినను మమ్ములను ఆలోచింపజేసినది వేరు. ఒక పూట ఆట చూచి ఒక యువకుని జీవితానికి తీర్పు చెప్పుట స్టేడియంలోనే జరుగుచున్నదా?

ఉర్దూ మాతృభాషగా గల మేము ఎం.ఏ. తెలుగులో చేరినప్పుడు, "మీకు తెలుగెందుకండీ?" అని అడిగిన పెద్దలున్నారు. ఆ మాట ఎంత నొప్పించినదో మాకు తెలుసు. తెలిసియు మేమే ఒక సంవత్సరం తొలి పరీక్ష పేపర్లు దిద్దుచు, ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన ఒక విద్యార్థి పేరుకు ఎదురుగా "ఆశ లేదు" అని ఎర్రసిరాతో వ్రాసినాము. అతడు ఆ రెండు మాటలు చూచినాడు. ఏమియు అనలేదు. రోజూ సాయంత్రం గ్రంథాలయం మూసే వరకు కూర్చుండి వత్తులు దిద్దుకొన్నాడు. మూడవ సంవత్సరంలో కళాశాల వార్షికోత్సవంలో తెలుగు వక్తృత్వపు బహుమతి మా చేతుల మీదుగానే పుచ్చుకొన్నాడు. ఆ రోజు అతని కన్నులలోకి చూచుట మాకు కష్టమైనది.

శిక్షకుడు సేబన్‌ విరామవేళ ఆటగానిని మార్చినాడు. ఆటకు అది అవసరం, తప్పు కాదు. కాని హర్ట్స్‌ను జట్టు నుండి తీసివేయలేదు, సాధన మాన్పింపలేదు. అందువలననే డిసెంబరులో లేచి వచ్చుటకు అతడు అక్కడ ఉన్నాడు. ఈ భేదం మేము ఆలస్యంగా గ్రహించినాము. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. అర్ధసంవత్సర పరీక్షలో వెనుకబడినవారి జాబితా తయారు చేయుట అవసరమే. అయితే ఆ జాబితాను పెన్సిలుతో వ్రాయింతము. దానిలోనివారికి సాయంకాలపు తరగతులు పెట్టింతము. బోధించుటకు మేము సిద్ధముగా ఉన్నాము.

జాబితాలో తమ పేరు చూచుకొను విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట: అది విరామ సమయపు లెక్క మాత్రమే. ఆట ఇంకను సగం మిగిలియున్నది.