నూతన పాఠ్యక్రమములకు ధనసాహాయ్యము : అనుబంధచతుష్టయ దృష్టి

శాస్త్రగ్రంథారంభమున నాలుగు అంశములను ముందుగా నిరూపించుట మన సంప్రదాయము. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను ఈ నాలుగింటికి అనుబంధచతుష్టయమని పేరు. గ్రంథము దేనిని చెప్పుచున్నది? చెప్పుటవలన ఫలమేమి? విషయమునకును గ్రంథమునకును గల సంబంధమెట్టిది? దీనిని చదువుట కర్హుడెవడు? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకని గ్రంథమునందు శ్రోతకు ప్రవృత్తి కలుగదని శాస్త్రకారుల ఆశయము. సదానందుని వేదాంతసారమును ఆరంభించిన విద్యార్థి మొదటి పాఠములలోనే ఈ సంగతిని గ్రహించును.

ప్రాచ్యకళాశాలలో నూతన పాఠ్యక్రమమును నెలకొల్పుటకై ధనసాహాయ్యమును కోరుచు వ్రాయు విజ్ఞాపనము కూడ ఇట్టి గ్రంథమే. అయినను సంప్రదాయ విద్వాంసులు ఈ కార్యమునకు పూనుకొన్నపుడు తామెరిగిన పద్ధతిని విడిచి, అచ్చుపత్రములోని గడులను నింపుటయే విజ్ఞాపనమని తలచుట కలదు. ఆ గడులలోని ప్రశ్నలు పరిశీలించినచో ఈ నాలుగింటిలోనే అంతర్భవించును. ఆ విధమును సోదాహరణముగా వివరించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ధనసాహాయ్య వ్యవస్థ

యు.జి.సి. అని ప్రసిద్ధమైన విశ్వవిద్యాలయ నిధుల సంఘము 1953 డిసెంబరు 28న ప్రారంభింపబడి, 1956 నాటి పార్లమెంటు చట్టముచే శాసనప్రతిపత్తిని పొందినది. కళాశాల ఈ సంఘమునుండి ధనమును పొందుటకు మూడు మెట్లు ఏర్పడినవి. విశ్వవిద్యాలయానుబంధము మొదటిది, దానివలన పరీక్షలు, పట్టములు సిద్ధించును. చట్టములోని 2 (ఎఫ్) విభాగమున గుర్తింపు రెండవది. 1972లో చేరిన 12 (బి) విభాగము క్రింద కేంద్రధనమున కర్హత మూడవది. అనుబంధమున్నంత మాత్రమున ధనార్హత కలుగునని భ్రమించి, మూడవ మెట్టు ఎక్కకయే విజ్ఞాపనమును పంపినచో, అది ఎంత చక్కగా వ్రాయబడినను నిష్ఫలమగును.

సంస్కృతవిద్యాస్థితిని విచారించుటకు 1956లో భారతప్రభుత్వము సునీతికుమార్ ఛటర్జీ అధ్యక్షతన సంస్కృత కమీషనును నియమించినది. వి. రాఘవన్ మున్నగు విద్వాంసులందు సభ్యులు. సంప్రదాయాధ్యయనమును చెడనీయక ఆధునికవిద్యతో సమన్వయింపవలెనను ఆలోచన నాటినుండియు నడుచుచునే యున్నది. 1994-95లో యు.జి.సి. ప్రథమపట్ట స్థాయిలో వృత్తివిషయములను ప్రవేశపెట్టినది. పదవ పంచవర్ష ప్రణాళికాకాలమున, అనగా 2002-2007 నడుమ, ఈ పథకము పట్టముతోపాటు చదువదగిన సర్టిఫికెట్, డిప్లొమా, ఉన్నత డిప్లొమా పాఠ్యక్రమములుగా మార్పబడినది. పండ్రెండవ ప్రణాళిక 2017 మార్చితో ముగియగా ఆ తరహా ప్రణాళికాధనము నిలిచిపోయినది. 2013లో ఏర్పడిన రూసా పథకమున ధనము రాష్ట్రప్రభుత్వముల ద్వారమున వచ్చు పద్ధతి కలిగినది. దానినే 2023లో పీఎం-ఉష అను పేర నవీకరించిరి. 2020లో భారతీయ జ్ఞానపరంపరల విభాగము ఏర్పడినది. విద్యార్థి తన మొత్తము క్రెడిట్లలో కనీసము 5 శాతమును భారతీయ జ్ఞానపరంపరలలో చదువునట్లు ప్రోత్సహింపవలెనని 2023లో యు.జి.సి. మార్గదర్శకములు చెప్పినవి.

ఈ విధముగా పథకముల నామధేయములు మారుచున్నవి. విజ్ఞాపనమును పరిశీలించువారి ప్రశ్నలు మాత్రము మారలేదు.

విషయము

తాళపత్రగ్రంథ పఠన పరిష్కరణములను బోధించు సర్టిఫికెట్ పాఠ్యక్రమమును ఉదాహరణముగా గ్రహింతము. "ప్రాచీన విజ్ఞానసంరక్షణము" అని విషయమును నిర్దేశించినచో అది అతివ్యాప్తము. "తెలుగు, గ్రంథ, నందినాగరీ లిపులలోని సంస్కృతాంధ్ర తాళపత్రములను చదువుట, వివరపట్టికను కూర్చుట, పాఠభేదములను గుర్తించుట" అనినచో విషయము పరిచ్ఛిన్నమగును. ఎంత విశాలముగా చెప్పిన అంత ధనము వచ్చునని తలచుట పొరపాటు. లక్షణమునకు వలెనే విజ్ఞాపనమునకును అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవములు దోషములే.

విషయమును నిర్దేశించిన పిదప కాలవిభాగము చేయవలెను. పైన పేర్కొనిన వృత్తిపథకమున సర్టిఫికెట్టునకు 20 క్రెడిట్లు, క్రెడిట్టునకు 15 గంటలు నిర్ణీతములు. అనగా మొత్తము 300 గంటలు. అందు 8 క్రెడిట్లు, అనగా 120 గంటలు, క్షేత్రకార్యమునకు కేటాయింపవలెను. మిగిలిన 180 గంటలలో లిపిపఠనమునకు 75, పాఠపరిష్కరణమునకు 45, వివరపట్టికా రచనకు 30, పత్రసంరక్షణమునకు 30 గంటలుగా పంచుకొనవచ్చును.

లిపికి హెచ్చుకాలము ఏల యనగా, తాళపత్రములయందు పదములు విడివిడిగా వ్రాయబడవు. హ్రస్వదీర్ఘ భేదము పలుచోట్ల స్పష్టముగా నుండదు. లేఖకుని దోషమేది, ప్రాచీన లేఖనసంప్రదాయమేది అను వివేకము చదువగా చదువగా కలుగునదే గాని ఉపన్యాసముచే కలుగునది కాదు. గ్రంథాంతమందలి పుష్పికలో ప్రభవాది సంవత్సరనామము మాత్రమే యున్నచో, ఆ నామము అరువదియేండ్ల కొకసారి మరల వచ్చునది గావున, మాసతిథివారములను పంచాంగగణితముతో సరిచూచి కాలనిర్ణయము చేయవలెను. ఇట్టి పనులు గంటలలెక్కలో కనబడినపుడు పరిశీలకునకు విషయజ్ఞానమందు విశ్వాసము కుదురును.

అధికారి

అనుబంధములలో అధికారినిరూపణము మిక్కిలి క్లిష్టమైనది. విజ్ఞాపనములు ఎక్కువగా విఫలమగుట ఇచ్చటనే. "ఈ పాఠ్యక్రమమునకు విశేషమైన ఆదరణ కలదు" అను వాక్యము ప్రమాణము కాదు. గడచిన ఐదేండ్లలో కళాశాలలో చేరినవారి సంఖ్య, అందు సంస్కృతము చదివినవారు, పరిసర కళాశాలలలో చరిత్ర, తెలుగు విషయములు చదువుచు దీనిని కోరువారు - ఈ లెక్కలు పత్రముపై నుండవలెను. చరిత్ర విద్యార్థులను చేర్చుకొనదలచినచో వారికి సంధిసమాసముల పరిచయము ముందు కలిగింపవలెను. ఆ గంటలు కూడ లెక్కలోనికి రావలెను. లేనిచో చేరినవారు నెలతిరుగకుండ మానివేయుదురు.

అధికారి యన విద్యార్థి మాత్రమే కాడు. అధ్యాపకుని సంగతియు విచార్యమే. నందినాగరిని ధారాళముగా చదువగలిగినవారు ఒక కళాశాలలో సాధారణముగా ఒక్కరే యుందురు. వారికి పదవీవిరమణకాలము సమీపించియుండవచ్చును. పాఠ్యక్రమమును వారి పేరనే నిలిపినచో, వారితోపాటు అదియు విరమించును. గ్రంథాలయములోని కట్టలు అట్లే యుండును. విప్పి చదువువాడు లేకపోవును. 2003లో స్థాపింపబడిన జాతీయ తాళపత్రగ్రంథ సంస్థ మున్నగువాని కృషివలన గ్రంథముల పట్టికలు, ఛాయాచిత్రములు విస్తరించినవి. ఛాయాచిత్రము పత్రమునకు ప్రతిరూపము నిచ్చును గాని పఠనసామర్థ్యము నీయజాలదు. ఆ సామర్థ్యము గురుముఖమున రావలసినదే.

కావున మొదటి సంవత్సరమందే వృద్ధాధ్యాపకుని చెంత మరియొక యువాధ్యాపకుడు కూర్చుండి నేర్చునట్లు విజ్ఞాపనములోనే ఏర్పాటు చూపవలెను. ధనసాహాయ్యము వలన కలుగు ఫలములలో ఇది ప్రధానము. యంత్రములను పిదప కొనవచ్చును. గడచిపోయిన గురువును తిరిగి తెచ్చుకొనలేము.

సంబంధము

సంబంధము రెండు తెరగులు. కళాశాలకును విషయమునకును గల సంబంధము మొదటిది. సొంత తాళపత్రభాండారము గలదా, లేనిచో హైదరాబాదు, తిరుపతి వంటి చోట్లనున్న సంగ్రహములలో 120 గంటల క్షేత్రకార్యమునకు వ్రాతపూర్వకమగు అంగీకారము లభించినదా అనునది ఇందు విచార్యము. నోటిమాట ఇచ్చట చెల్లదు.

విశ్వవిద్యాలయముతోడి సంబంధము రెండవది. పాఠ్యప్రణాళిక పాఠ్యనిర్ణాయక మండలి ఆమోదమును, ఆపై విద్యామండలి ఆమోదమును పొందవలెను. విద్యాప్రవీణ, భాషాప్రవీణ, శిరోమణి వంటి ప్రాచ్యపట్టములను సామాన్యపట్టములతో సరితూచుటలో విద్యార్థులు పడిన శ్రమ విద్వల్లోకమునకు తెలియనిది కాదు. ఏ పత్రమునకు ఏ గుర్తింపు కలదో ముందు తేల్చుకొనక విద్యార్థులను చేర్చుకొనుట న్యాయము కాదు. ధనము వచ్చిన పిదప ఆమోదమునకై పరుగిడుట కంటె, ఆమోదపత్రమును జతపరచి ధనమును కోరుట మేలు.

ప్రయోజనము

ఇచ్చట నొక పూర్వపక్షము. "శాస్త్రము ఏండ్ల తరబడి గురుశుశ్రూషతో లభించునది. దానిని క్రెడిట్లుగా ముక్కలు చేసి, 300 గంటలలో పండితుని తయారుచేయుదుమని ధనము వేడుట శాస్త్రమునకే లాఘవము కాదా?" అని.

ఈ ఆక్షేపము నిరాధారము కాదు. సిద్ధాంతకౌముదిని ఆకళించుకొనుటకే 300 గంటలు చాలవు. కాని దోషము గంటల లెక్కయందు లేదు. పండితుని తయారుచేయుదుమను ప్రతిజ్ఞయందు కలదు. ఈ పాఠ్యక్రమము ముగించినవాడు ఒక సామాన్య తాళపత్రమును చదివి, దాని గ్రంథనామము, కర్తృనామము, పత్రసంఖ్య, లిపి, ఆద్యంతవాక్యములు, పుష్పికలతో వివరపట్టికను వ్రాయగలడు. అంతియే ప్రతిజ్ఞ చేయవలెను. ఇంతమాత్రము చేయగలవాడు సంగ్రహాలయములకు ఉపయోగపడును. వారిలో ఒకరిద్దరు శాస్త్రాధ్యయనమునకు మరలినచో అది అధికఫలము. అసాధ్యమును ప్రతిజ్ఞచేసి ధనమును పొందుట కంటె సాధ్యమును చెప్పి నెరవేర్చుట సంప్రదాయమునకు గౌరవకరము.

వ్యయపట్టిక

పూర్వోక్త వృత్తిపథకమున మానవీయ, వాణిజ్య విషయములకు పాఠ్యక్రమ మొక్కింటికి 7 లక్షల రూపాయలు, విజ్ఞానవిషయములకు 10 లక్షలు, ఐదేండ్లకుగాను బీజధనముగా నిర్ణయింపబడినవి. 7 లక్షలను ఐదింట భాగించినచో ఏటికి 1,40,000 రూపాయలు. ఈ మొత్తముతో శాశ్వతాధ్యాపకుని జీతము సాగదు. అతిథ్యధ్యాపకుల గౌరవవేతనము, పుస్తకములు, క్షేత్రకార్యము, కొలది పరికరములు మాత్రమే సాగును. బీజధనమను పేరులోనే దాని స్వభావము తెలియుచున్నది. ఆరవయేట ఈ పాఠ్యక్రమము దేనితో నడచును? విద్యార్థిశుల్కముతోనా, యాజమాన్య ధనముతోనా, వివరపట్టికా రచనకై సంగ్రహాలయము లిచ్చు ప్రతిఫలముతోనా? ఈ సమాధానము మొదటి విజ్ఞాపనములోనే వ్రాయవలెను. కళాశాలలలో తొలియేట యంత్రపరికరములకే ధనమంతయు వ్యయమై, మూడవయేట బోధించువారు లేక ఆ పరికరములు బీరువాల వెనుక దుమ్ముపట్టియుండుట వింతకాదు.

ధనవినియోగపత్రమును కాలమున పంపుట మరియొక ముఖ్యాంశము. 2017 నాటి సాధారణ ఆర్థికనియమముల ప్రకారము ఆర్థికసంవత్సరము ముగిసిన 12 నెలలలోపల వినియోగపత్రమును సమర్పింపవలెను. మొదటి విడత లెక్క చేరనిదే రెండవ విడతను కోరుట వ్యర్థము. విద్వాంసులు లెక్కలను గుమాస్తా పనిగా భావించి ఉపేక్షించుట వలన సజావుగా నడువవలసిన పాఠ్యక్రమము నడుమ ఆగిపోవును, నష్టపోవునది విద్యార్థి. ప్రతి వ్యయమును ఆనాడే ప్రత్యేకపుస్తకమున వ్రాయించుట, ఈ ధనమునకు వేరు బ్యాంకుఖాతా నుంచుట సులభోపాయములు.

ఉపసంహారము

తాత్పర్యనిర్ణయమున మీమాంసకులు ఉపక్రమోపసంహారముల ఏకవాక్యతను ప్రధానలింగముగా గ్రహింతురు. విజ్ఞాపనమున కుపక్రమము ప్రతిజ్ఞ. ఉపసంహారము ఐదేండ్లకు పంపు తుదినివేదిక. ఎందరు చేరిరి, ఎందరు ముగించిరి, ఎన్ని తాళపత్రములకు వివరపట్టికలు సిద్ధమైనవి, కొత్తగా లిపిని బోధింపగల అధ్యాపకుడు ఏర్పడెనా అను వివరములు ఆ నివేదికలో మొదటి ప్రతిజ్ఞతో సరిపోవలెను. 5 శాతము క్రెడిట్ల మార్గదర్శకము వలన ఇతర కళాశాలలును ఈ విద్యలను బోధింపగలవారికై వెదకుకొనవలసి వచ్చును. అట్టివారిని ఈయగలిగినవి ప్రాచ్యకళాశాలలే. ఆ అధ్యాపకులను తయారుచేయుటకు నేడున్న గురువుల కాలము పరిమితము. కావున విజ్ఞాపనరచనకు పూనుకొనువారు అచ్చుపత్రము కొరకు ఎదురుచూడక, ముందుగా నొక తెల్లకాగితముపై ఈ నాలుగు ప్రశ్నలకు నాలుగు సమాధానములను వ్రాసికొనుట మంచిది. అవి నిర్దుష్టములైనచో, ఏ పథకము వచ్చినను విజ్ఞాపనము సిద్ధముగా నుండును.