బుస్సుమనే సున్నిపిండి

కిందటేడు వేసవి సెలవుల్లో మా ఆడపడుచు డల్లాస్ నుంచి వస్తూ నాకో అట్టపెట్టె తెచ్చింది. మూత తీస్తే లోపల ఆరు ఉండలు. అచ్చం మన బందరు లడ్డూ సైజు, కాకపోతే ఊదారంగు. గదంతా గుప్పున వాసన. మావారు ఒకటి నోటిదాకా తీసుకెళ్ళనే తీసుకెళ్ళారు. "అన్నయ్యా, అది తినేది కాదు, స్నానాల తొట్టిలో వేసుకునేది!" అని ఆవిడ అరిచేసరికి అందరం పడీపడీ నవ్వాం. నవ్వితే నవ్వాం గానీ, మా ఇంట్లో తొట్టేదీ? ఉన్నవి రెండు బకెట్లూ, ఒక చెంబూ. పెట్టె బీరువా పైకెక్కింది.

అది మళ్ళీ కిందికి దిగింది మా అత్తయ్యగారి వల్ల.

ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు స్నానం చెయ్యనిదే పొయ్యి వెలిగించేవారు కాదు, నన్ను వెలిగించనిచ్చేవారూ కాదు. పండగ వస్తోందంటే పెసలూ, శనగలూ, కచ్చూరాలూ, ఎండబెట్టిన గులాబీ రేకులూ కలిపి మర పట్టించి, ఇంట్లో పిల్లలందరికీ వరసగా నలుగు పెట్టేది ఆవిడే. అలాంటి మనిషికి మూడేళ్ళుగా మతిమరుపు జబ్బు. మొదట తాళాలు ఎక్కడ పెట్టారో మరిచిపోయారు, తర్వాత మా పేర్లు. ఆ తర్వాత స్నానం. "పొద్దున్నే చేశాగా!" అంటారు. నాలుగు రోజులైనా అదే మాట.

ఒకరోజు నాకూ ఓపిక నశించింది. చుట్టాలొచ్చే వేళయింది, ఆవిడ దగ్గర వాసన వస్తోంది. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి చెంబెడు నీళ్ళు నెత్తిన పోసేశాను. ఆవిడ చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడుస్తూ, "ఎవరమ్మా నువ్వు? నన్నెందుకు కొడుతున్నావ్?" అన్నారు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి ఆడటం లేదు.

డాక్టరుగారికి చెప్పుకుంటే ఆయన తిట్టలేదు. ఈ జబ్బులో చాలామందికి నీళ్ళంటే భయం పుడుతుందట. నెత్తిమీద ధారగా పడితే అది నీళ్ళో, దెబ్బో తెలియదట. "వాదించకండి. ముందు పాదాలు తడపండి, తర్వాత చేతులు. ఆవిడకి ఎంతసేపు కావాలంటే అంతసేపు ఇవ్వండి" అన్నారు. బాగానే ఉంది. కానీ పాదాలు తడపాలన్నా మనిషి నీళ్ళ దగ్గరికి రావాలిగా!

అప్పుడు గుర్తొచ్చాయి బీరువా మీది ఉండలు. వరండాలో కుర్చీ వేసి, ఎదురుగా బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి ఒక ఉండ వేశాను. బుస్సుమంటూ నురగ లేచింది. లోపల మంచం మీదున్న అత్తయ్యగారు ఆ చప్పుడుకి మెల్లగా నడుచుకుంటూ వచ్చారు. కాసేపు తేరిపార చూశారు. వేలు ముంచారు. మొహం విప్పారింది. "గోలీసోడా!" అన్నారు. నేను కుర్చీ చూపించాను. కూర్చుని, నేను చెప్పకుండానే రెండు కాళ్ళూ అందులో పెట్టారు. పాదాల చుట్టూ బుడగలు చక్కిలిగింతలు పెడుతుంటే ఆవిడ నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వు మీదే మోకాళ్ళ దాకా, మోచేతుల దాకా తడిబట్టతో తుడిచేశాను.

ఆరు ఉండలూ రెండు వారాల్లో అయిపోయాయి. పెద్ద ఊళ్ళలో దొరుకుతాయి గానీ ఒక్కోటి వందల్లో ఉంది. నెలంతా కొనాలంటే మావారి జేబుకి బుడగలు రావూ? అసలు ఇందులో ఏముందని ఆరా తీశాను. ఇంగ్లండులో మో కాన్‌స్టాంటిన్ అనే ఆవిడ 1989లో వీటిని తయారుచేసిందట. కడుపు బాగాలేనప్పుడు నీళ్ళలో వేసుకునే బిళ్ళలు బుస్సుమంటూ కరగడం చూసి, స్నానానికీ అలాంటిది ఉంటే ఎలా ఉంటుందా అనుకుందట. ఆ తర్వాత 1995లో మొదలైన లష్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఆవిడా ఒకరు. అది చదివి మా మందుల డబ్బాలో ఈనో ప్యాకెట్టు తీసి చూశాను. స్వర్జిక క్షారం, నింబుకామ్లం అని ఉంది. అంటే వంటసోడా, నిమ్మ ఉప్పు! ఈ రెండూ పొడిగా ఉన్నంతసేపు ఇరుగుపొరుగుల్లా మర్యాదగానే ఉంటాయి. నీటిచుక్క తగిలితే చాలు, కార్బన్ డయాక్సైడ్ పుట్టి నురగ పొంగుతుంది. గోలీసోడాలో ఉండేదీ ఆ గ్యాసే. అత్తయ్యగారు తప్పేమీ అనలేదన్నమాట.

రెండూ కిరాణా కొట్లో దొరికాయి. ఇక నా ప్రయోగాలు వినండి. మొదటిసారి వాసన కోసం పన్నీరు చిలకరించాను. గిన్నెలోనే బుస్సుమని పొంగి, కట్టాల్సిన ఉండ కాస్తా జావయింది. రెండోసారి పొడిగానే కలిపి, గట్టి మూత సీసాలో పోసి బాత్‌రూమ్ కిటికీలో పెట్టాను. శ్రావణమాసం, పైగా బందరు గాలి! పదిరోజులకి పొడి రాయయింది, ప్లాస్టిక్ సీసా గ్యాసుకి ఉబ్బిపోయింది. గాజు సీసా అయితే ఏమయ్యేదో! ఉండలు కట్టే ఆశ అప్పుడే వదిలేశాను. మన ఊళ్ళకి పొడే నయం.

కార్తీకంలో గాలి కాస్త పొడిబారాక కుదిరింది. రెండు కప్పుల వంటసోడాకి కప్పు నిమ్మ ఉప్పు, కప్పు కార్న్‌ఫ్లోర్. ఈ పిండి చెమ్మని పీల్చుకుంటుంది, పొంగు కూడా నిదానంగా వచ్చేలా చేస్తుంది. వేయించి ఆరబెడదామనుకునేరు, వేడికి సోడా పాడవుతుంది. గిన్నె, గరిటె, చెయ్యి అన్నీ పొడిగా ఉండాలి. నిమ్మ ఉప్పు దుమ్ము గొంతుకి మంట, అందుకని ముక్కుకి పైట అడ్డం పెట్టుకోండి. ముఖ్యంగా ఒకటి: వంటసోడా బదులు బట్టల సోడా వాడొద్దు, చర్మం మండిపోతుంది. తయారైంది పొడి డబ్బాలో, వదులు మూతతో, వంటింటి అలమరలో పెట్టాలి. పిల్లలకి అందకుండా సుమా.

టబ్బుకి మూడు చెంచాలు చాలు. నీళ్ళు మోచేత్తో చూసి గోరువెచ్చగా ఉంటేనే కాళ్ళు పెట్టించాలి. పగుళ్ళూ, పుళ్ళూ ఉంటే వద్దు. షుగరున్నవాళ్ళ కాళ్ళు అసలు నానబెట్టకూడదంటారు డాక్టర్లు. అత్తయ్యగారికి అది లేదు కాబట్టి సరిపోయింది. అయిదు నిమిషాలు చాలు, తర్వాత వేళ్ళ సందులు పొడిగా తుడవాలి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఈ నురగకి మురికి వదిలించే శక్తీ లేదు, రోగాలు కుదిర్చే గుణమూ లేదు. మనిషిని నీళ్ళదాకా రప్పించడం వరకే దాని పని.

వాసనకి మొదట లావెండర్ నూనె నాలుగు చుక్కలు కలిపాను. ఆవిడకది నచ్చిందో లేదో తెలియలేదు. మొన్న ధనుర్మాసంలో అటక మీద పాత డబ్బా దించితే అడుగున కచ్చూరాలు కనిపించాయి, ఆవిడ కొన్నవే. దంచి, మెత్తని బట్టలో జల్లించి రెండు చెంచాలు కలిపాను.

నీళ్ళలో పొడి పడింది, వాసన లేచింది. అత్తయ్యగారు తలెత్తి నావంక చూశారు. "ఇవాళ పండగా అమ్మాయ్?" అన్నారు.

భోగికి ఇంకా వారం ఉంది. "అవునండీ, పండగే" అన్నాను.

"మరి తలంటు పొయ్యవూ?"

పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. ఎన్ని నెలలకో ఆవిడ పీట మీద కూర్చుని తల వంచారు. చెంబుతో నెత్తిన పొయ్యలేదు. దోసిట్లో కొంచెం కొంచెంగా పోశాను. కుంకుడురసం కళ్ళల్లో పడకుండా నా చెయ్యే నుదుటికి అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు మళ్ళీ "పొద్దున్నే చేశాగా" అన్నారు. ఆ మర్నాడు టబ్బు దగ్గరికి తనే వచ్చి కూర్చున్నారు. డబ్బాలో ఇంకో నాలుగు రోజులకి సరిపడా పొడి ఉంది. నిమ్మ ఉప్పు తెమ్మని మావారి చేతికి చీటీ రాసిచ్చాను.