గుండె పెద్దదైతే మంచిదేనా?

అక్కలారా! మన గుండె మన పిడికిలంత ఉంటుంది. అది పెద్దదైతే బలం కాదు, జబ్బు.

మూత్రపిండాలు రక్తాన్ని శుభ్రం చేస్తాయి. ఎక్కువైన నీటిని బయటికి పంపుతాయి. అవి పాడైతే మిషనుతో రక్తం శుభ్రం చేస్తారు. అదే డయాలసిస్. మామూలుగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటలు పడుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ బాధ ఎందరికో తెలుసు. వారికోసం 2023లో పలాసలో ఆసుపత్రి తెరిచారు.

డయాలసిస్ లేని రోజుల్లో తాగిన నీరు ఒంట్లోనే నిలుస్తుంది. బి.పి. పెరుగుతుంది. గుండె మోయలేని బరువు లాగే ఎద్దులా కష్టపడుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే గుండె గోడలు మందమవుతాయి. గుండె పెద్దదై అలసిపోతుంది. డయాలసిస్ మీద ఉన్నవారి ప్రాణాలు ఎక్కువగా తీసేది గుండె జబ్బే.

మరి ఏం చేయాలి?

ఉప్పు తగ్గించాలి. ఊరగాయ, ఎండుచేపలు మానాలి. నీళ్లు డాక్టరు చెప్పినంతే తాగాలి. మన అనకాపల్లి బెల్లంలో పొటాషియం ఉంటుంది. అది రక్తంలో మితిమీరితే గుండె ఆగిపోవచ్చు. అందుకే డాక్టరును అడగకుండా బెల్లం పెట్టకూడదు.

మా తరగతికి వచ్చే ఒక అక్క భర్తకి డయాలసిస్ చేస్తున్నారు. రోజూ పొద్దున్నే ఆయన బరువు తనే చూసి నోటుబుక్కులో రాస్తుంది. ఒకసారి ఒక్క రోజులోనే 2 కిలోలు పెరిగింది. ఆయాసం కూడా వచ్చింది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. మనిషి దక్కాడు.

అంకెలు నేర్చుకున్నది ఇందుకే కదా అక్కా!