చెవిలో ఆగని మోత

బరాత్‌లో డీజే బాక్సుల పక్కన గంటసేపు ఆడి, ఇంటికొచ్చి పడుకుంటే చెవుల్లో గుయ్ మంటుంది. ఆ మోత బయట ఎక్కడా ఉండదు. డాక్టర్లు దాన్ని టిన్నిటస్ అంటారు. సుశ్రుత సంహిత లెక్కపెట్టిన 28 చెవి రోగాల్లో కర్ణనాదం కూడా ఉంది.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. అందులో ఒక్కో చెవికి శబ్దాన్ని పట్టే రోమకణాలు దాదాపు 15 వేలు. పెద్ద శబ్దానికి అవి చస్తే మనిషికి మళ్లీ మొలవవు. కోళ్లకు మొలుస్తాయి! 1980లలో పరిశోధకులు కోడిపిల్లల చెవులను పెద్ద మోతతో పాడుచేసి చూస్తే, కొన్నాళ్లకే కొత్త కణాలు వచ్చాయి. ఈ విషయంలో మనకంటే కోడే నయం.

సన్నని స్వరాలు పట్టే కణాలు ఆ గుల్ల మొదట్లోనే ఉంటాయి. మోతకు ముందు దెబ్బతినేవీ ఎక్కువగా ఆ వైపువే. అందుకే చాలామందికి వినబడేది కీచురాయి అరుపులాంటి హోరు.

చెవి నుంచి కబురు తగ్గేసరికి మెదడు తన వాల్యూమ్ తానే పెంచుకుంటుందని, ఆ హోరు అలా పుట్టిందేనని ఎక్కువమంది శాస్త్రవేత్తల మాట. ఆపరేషన్‌లో శ్రవణనాడిని కోసేసినా కొందరికి మోత ఆగలేదు మరి.

చెవులు బాగున్నవాళ్లకూ నిశ్శబ్దం పడదు. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెడితే, 94 శాతం మంది ఏదో ఒక చప్పుడు విన్నామన్నారు.

చెక్ సంగీతకారుడు స్మెతానాకు 1874లో వినికిడి పూర్తిగా పోయింది. కారణం మోత కాదు, జబ్బు. చెవిలో మోగిన ఆ హోరును 1876లో తన స్ట్రింగ్ క్వార్టెట్‌లోకే ఎక్కించాడు. చివరి భాగంలో హుషారుగా సాగే సంగీతం ఉన్నట్టుండి తెగిపోతుంది. వయొలిన్ పైస్థాయిలో ఒకే స్వరాన్ని పట్టుకుని వదలదు. వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అమెరికా మాజీ సైనికులు పరిహారం పొందుతున్న వైకల్యాల్లో మొదటి స్థానం ఈ టిన్నిటస్‌దే.

‘పొద్దున్నకు తగ్గింది, ఫర్లేదు’ అనుకుంటాం కదా? 2009లో బోస్టన్‌లో ఎలుకలకు 100 డెసిబెల్స్ మోత 2 గంటలు వినిపించారు. కొద్దిరోజుల్లో వినికిడి మామూలైంది. కానీ లోపల కొన్నిచోట్ల రోమకణాలకూ నాడికీ మధ్య ఉండే లంకెల్లో సగం దాకా శాశ్వతంగా తెగిపోయాయి. మామూలు వినికిడి పరీక్షకు అది దొరకదు.

85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు మించవద్దని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు. అక్కణ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 100కు చేరితే 15 నిమిషాలే. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024లో నిషేధించారు. మంచిపని.

హోరు ఒక చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు లయగా వినబడినా, ఉన్నట్టుండి వినికిడి తగ్గినా చెవిలో నూనె చుక్కలు వేసుకుంటూ కూర్చోకండి. వెంటనే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.