మ్యూజిక్ స్ట్రీమర్ – విడి డాక్: అనుసంధానంలో కాలగణన, మన్నిక

ఉపోద్ఘాతం

ఇంటర్నెట్ నుంచి గాని, ఇంట్లోని హార్డ్ డిస్క్ నుంచి గాని సంగీతాన్ని అందుకొనే పరికరం మ్యూజిక్ స్ట్రీమర్. అది అందుకొనేది అంకెల వరుసను మాత్రమే. ఆ అంకెలను యాంప్లిఫయర్ స్వీకరించగల విద్యుత్ తరంగంగా మార్చేది డిజిటల్–అనలాగ్ పరివర్తకం. వాడుకలో దీనిని ‘డాక్’ అంటారు. నేటి స్ట్రీమర్లలో చాలావాటికి డాక్ లోపలే ఉంటుంది. అటువంటప్పుడు దానిని విడిగా కొని తీగతో కలపడం ఎందుకన్న ప్రశ్నకు వ్యాపార ప్రకటనలు ఇచ్చే సమాధానం ఒక్కటే: మెరుగైన నాదం. ఆ సమాధానం పూర్తిగా అసత్యం కాదు గాని, ప్రధానమైనదీ కాదు. నమూనాలకు కాలాన్ని లెక్కించే గడియారం ఏ పెట్టె అధీనంలో ఉంది, రెండు పెట్టెల ఆయుర్దాయంలో ఎంత తేడా ఉంది అన్న అంశాలే ఈ పొందికను నిర్ణయిస్తాయి. ఖర్చు పెట్టే గృహస్థు దృష్టిలో రెండవదే బరువైనది.

గడియారం ఎవరిది?

1982లో విపణిలోకి వచ్చిన సి.డి. ప్రమాణంలో ఒక్కొక్క చానల్‌కు సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్క నమూనాకు 16 బిట్లు. రెండు చానళ్లకు కలిపి సెకనుకు 14,11,200 బిట్లు అవుతాయి. నెట్‌వర్క్‌లో ఇవి సమాన వ్యవధుల్లో ప్రయాణించవు. ప్యాకెట్లుగా వస్తాయి, దారిలో పోయినవాటిని సాధారణంగా మళ్లీ తెప్పించుకొంటారు, వచ్చినవన్నీ స్ట్రీమర్ మెమరీలో కొంతసేపు నిలవ ఉంటాయి. కనుక రూటర్ నుంచి స్ట్రీమర్‌కు వెళ్లే తీగ ఎంత ఖరీదైనదైనా నమూనాల కాలవ్యవధిని మార్చలేదు. కాలం అనే సమస్య మొదలయ్యేది స్ట్రీమర్ నుంచి సంగీతం బయటికి వచ్చే చోటనే.

అక్కడి నుంచి డాక్‌కు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది సోనీ, ఫిలిప్స్ సంస్థలు 1980ల దశకంలో రూపొందించిన ఎస్/పి.డి.ఐ.ఎఫ్. ఇది 75 ఓమ్‌ల కోయాక్సియల్ తీగలో గాని, టాస్‌లింక్ అనే ఆప్టికల్ తీగలో గాని నడుస్తుంది. ఇందులో సంగీత సమాచారం, గడియారం ఒకే సంకేతంలో కలిసిపోయి ఉంటాయి. స్ట్రీమర్ పంపిన వేగాన్నే డాక్ గుర్తించి అనుసరించాలి. రెండవది అసింక్రనస్ పద్ధతిలో పనిచేసే యు.ఎస్.బి. ఇందులో డాక్ తన సొంత స్ఫటికం ఆధారంగా కాలాన్ని నడుపుకొంటూ, సమాచారం ఎంత వేగంగా కావాలో స్ట్రీమర్‌కు తెలియజేస్తుంది. కచేరీ పరిభాషలో చెప్పాలంటే, మొదటి దారిలో తాళం వేసేది స్ట్రీమర్, రెండవదానిలో డాక్. తరంగం రూపుదిద్దుకొనేది డాక్‌లోనే గనుక తాళం కూడా అక్కడే ఉండడం సాంకేతికంగా సబబు. చాలా డాక్‌లలో 22.5792, 24.576 మెగాహెర్ట్జ్‌ల స్ఫటికాలు రెండు కనిపించడానికి కారణం 44.1, 48 కిలోహెర్ట్జ్ కుటుంబాలకు వేర్వేరు గుణిజాలు అవసరం కావడమే.

కాలవ్యవధిలో కలిగే సూక్ష్మమైన ఒడిదుడుకులను జిట్టర్ అంటారు. 20 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంలో పూర్తిస్థాయి తరంగాన్ని తీసుకొని, 16 బిట్ల కనిష్ఠ మెట్టులో సగానికి మించిన దోషం రాకూడదని గణిస్తే, ఒడిదుడుకు సుమారు 121 పికోసెకన్లు దాటరాదని తేలుతుంది. ఈ సంఖ్యను చూపి భయపెట్టే రచనలు తక్కువేమీ కాదు. అయితే అది గణితం విధించే హద్దు, చెవి విధించేది కాదు. 1998లో ఎరిక్ బెంజమిన్, బెంజమిన్ గానన్ జరిపిన శ్రవణ పరీక్షల్లో శుద్ధస్వరాలతో కూడా నానోసెకన్ల స్థాయి జిట్టర్ ఉంటేనే తేడా పట్టుబడింది. సంగీతంలో అది ఇంకా ఎక్కువ కావలసి వచ్చింది. సక్రమంగా రూపొందించిన నేటి డాక్‌లు ఎస్/పి.డి.ఐ.ఎఫ్. దారిలోనూ దానికి ఎంతో దిగువనే ఉంటాయి. గడియారం వాదానికి సిద్ధాంతబలం ఉన్నంతగా శ్రవణబలం లేదన్నమాట.

ఆచరణలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది జిట్టర్ కాదు, భూసంధానం. యు.ఎస్.బి. తీగ సమాచారంతోపాటు 5 వోల్టుల విద్యుత్తును, గ్రౌండ్‌ను కూడా మోస్తుంది. స్ట్రీమర్, డాక్, యాంప్లిఫయర్ వేర్వేరు దారుల్లో ఎర్త్‌కు కలిసినప్పుడు వలయం ఏర్పడి స్పీకర్లలో గుయ్యిమనే 50 హెర్ట్జ్ రొద వినిపించవచ్చు. కాంతి ద్వారా నడిచే టాస్‌లింక్ ఈ వలయాన్ని తెంచివేస్తుంది. దానికి సాధారణంగా 96 కిలోహెర్ట్జ్ వరకే భరోసా ఉంటుందన్నది నిజమే. కాని గ్రామఫోన్ యుగపు తెలుగు రంగస్థల పద్యాలు వినేవారికి ఆ పరిమితి లెక్కలోకి రాదు. 78 ఆర్.పి.ఎం. రికార్డులలో 10 కిలోహెర్ట్జ్‌ల పైన మిగిలేది చాలావరకు సూది రాపిడి శబ్దమే.

శబ్దస్థాయిని ఎక్కడ తగ్గించాలన్నది మరొక చిక్కు. డిజిటల్ పద్ధతిలో ప్రతి 6 డెసిబెళ్ల తగ్గింపుకు సుమారు ఒక బిట్ ఖర్చవుతుంది. 24 బిట్ల దారిలో 16 బిట్ల సంగీతం నడుస్తుంటే 48 డెసిబెళ్ల వెసులుబాటు ఉంటుంది. 16 బిట్ల దారిలో ఏమీ ఉండదు. స్ట్రీమర్‌ను పూర్తిస్థాయిలో స్థిరపరచి, డాక్ వద్ద గాని యాంప్లిఫయర్ వద్ద గాని తగ్గించుకోవడం మేలు. స్ట్రీమర్ సాఫ్ట్‌వేర్ 44.1ని 48గా మార్చి పంపుతున్నదేమో కూడా చూడాలి. డాక్ ముఖంపై నమూనాల వేగాన్ని చూపే అంకె ఉంటే ఆ తనిఖీ క్షణంలో తేలిపోతుంది.

రెండు ఆయుర్దాయాలు

స్ట్రీమర్ స్వభావరీత్యా కంప్యూటర్. సంగీత సేవల నిబంధనలు, సంకేతలిపులు, మొబైల్ యాప్‌లు మారినప్పుడల్లా అది వాటితో సరిపడాలి. స్క్విజ్‌బాక్స్ శ్రేణిని లాజిటెక్ 2012లో నిలిపివేసింది. వాటికి ఆధారమైన ఆన్‌లైన్ సేవ 2024లో మూతపడింది. ఓపెన్ సోర్స్‌గా ఉన్న సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను వాడుకరులు లిరియన్ పేరుతో కొనసాగిస్తున్నందువల్లనే ఆ పెట్టెలు నేటికీ పాడుతున్నాయి. గూగుల్ 2015లో తెచ్చిన క్రోమ్‌కాస్ట్ ఆడియో తయారీ 2019 నాటికే ఆగిపోయింది. అరచేతిలో ఇమిడే ఆ చిన్న బిళ్లకు ఆప్టికల్ ద్వారం ఉండేది. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌ల వరకు అందించేది.

డాక్ పరిస్థితి భిన్నం. దానికి పాస్‌వర్డ్ లేదు, యాప్ అవసరం లేదు, ఏ సేవ మూతపడినా దానికి తెలియదు. 1990ల నాటి డాక్ కోయాక్సియల్ ద్వారానికి నేటి స్ట్రీమర్‌ను కలిపితే సి.డి. స్థాయి సంగీతం నేటికీ పలుకుతుంది. రెండింటినీ ఒకే పెట్టెలో బంధించడమంటే నిదానంగా వృద్ధాప్యం చెందే భాగానికి త్వరగా కాలంచెల్లే భాగపు ఆయుర్దాయాన్ని అంటగట్టడమే. ఈ దృష్టితో చూస్తే వ్యయంలో పెద్దవాటా డాక్‌కు, యాంప్లిఫయర్‌కు, అన్నిటికన్నా మిన్నగా స్పీకర్లకు చెందాలి. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్‌లో మూడ్ గాని వాల్యుమియో గాని నడిపితే అసింక్రనస్ యు.ఎస్.బి. డాక్‌కు కావలసిన స్ట్రీమర్ సిద్ధమవుతుంది. తాళం డాక్ చేతిలో ఉన్నంతకాలం ఆ కంప్యూటర్ సామాన్యమైనదే అయినా నష్టం లేదు.

ఈ వాదం వర్తించని సందర్భం ఒకటుంది. కొన్ని యాక్టివ్ స్పీకర్లు తమలోనికి వచ్చిన అనలాగ్ సంకేతాన్ని తిరిగి అంకెలుగా మార్చి, లోపలి ప్రాసెసర్‌తో సరిదిద్ది, తమ సొంత డాక్ ద్వారానే పలికిస్తాయి. వాటి ముందు ఎంత గొప్ప విడి డాక్‌ను ఉంచినా చివరికి వినిపించేది స్పీకర్ లోపలి డాక్ చేసిన మార్పిడే. అక్కడ స్ట్రీమర్ డిజిటల్ ద్వారాన్ని నేరుగా స్పీకర్‌కు కలపడమే సరైన పద్ధతి.