వరికొయ్యలను కలియదున్ను రోటవేటరుకు కొత్త బ్లేడ్లు

జగిత్యాల జిల్లా బీర్‌పూర్ ప్రాంతములో వానకాలపు వరిని హార్వెస్టరు కోసి వెడలిన పిమ్మట పొలములో ఎత్తైన కొయ్యకాళ్లు, వాటిపై వరుసలుగా పడిన గడ్డి మిగులును. యాసంగి నాట్లకు నడుమ వ్యవధి కొలది వారములే. ఆ తొందరలో రోటవేటరు గడ్డిని కోయక ఇరుసుకు చుట్టుకొన్నచో రైతు చేయి అగ్గిపెట్టె వైపు పోవును. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5 నుండి 8 కిలోల నత్రజని, 12 నుండి 17 కిలోల పొటాషియము ఉండును. నిప్పంటించినచో ఆ నత్రజని దాదాపుగా అంతయు గాలిపాలగును. కనుక అరిగిన బ్లేడ్లను మార్చుకొనుటను గూర్చి ఇచట కొంత విపులముగా ముచ్చటింపదలచితిమి.

ఈ పరికరమునకు మూలపురుషుడు ఆస్ట్రేలియాకు చెందిన ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్. ఆయన 1912లో తన తండ్రి పొలమున తిరుగుడు కత్తులతో ప్రయోగములు చేసెను. తొలి కత్తులు మట్టిని ప్రక్కలకు విసరివేయుచుండగా, ఎల్ అక్షరమువలె వంగిన బ్లేడును రూపొందించెను. రోటవేటరు అను ఆంగ్లపదమును ఆ లిపిలో ఎటునుండి చదివినను ఒకటిగనే యుండుట ఒక వింత.

కొయ్యకాళ్లు, గడ్డి అధికముగా గల మడికి నేటికిని ఎల్ బ్లేడే తగినది. దాని అడ్డుభాగము వేళ్లను క్రిందుగా కోసి మట్టితో కలుపును. జిగురు రేగడిలో మాత్రము సి ఆకారపు బ్లేడు మేలు. దానికి మట్టి తక్కువగా అంటుకొనును.

విదేశములలో పచ్చికబయళ్లను కోయు యంత్రములకును గడ్డిని సన్నగా తరిగి అక్కడనే రాల్చు బ్లేడ్లు కలవు. కాని అవి నేలను తాకవు. మన బ్లేడు గడ్డిని, మట్టిని, చల్క నేలలోని రాళ్లను ఒకేసారి ఎదుర్కొనవలెను. మెత్తని ఉక్కు త్వరగా అరుగును. మితిమీరి గట్టిపడిన ఉక్కు రాతికి తగిలి విరుగును. అందుచేతనే బోరాన్ కలిసిన ఉక్కును కాచి, చల్లార్చి, మరల తగుమాత్రపు వేడిచే పదును పెట్టి మంచి బ్లేడ్లను చేయుదురు. అరిగిన బ్లేడును కొలిమిలో ఎర్రగా కాల్చి సాగగొట్టించుట కొందరికి వాడుక. ఆ కాపుతో కర్మాగారములో వచ్చిన పదును పోవును. చూపునకు కత్తి వాడిగానుండును గాని నిలువదు. ఈ పొదుపును మేము మెచ్చము.

దుకాణమునకు పోవునపుడు పాత బ్లేడునొకదానిని వెంట గొనిపోవలెను. బోల్టు రంధ్రముల నడుమ దూరము, బ్లేడు మందము, వంపు పొడవు తయారీని బట్టి మారును. కంటికి ఒకేరీతిగా కనబడినవి బిగింపునకు రాకపోవచ్చును. బోల్టుల తలపై 8.8 లేక 10.9 అను అంకె ఉన్నదేమో చూడవలెను. అది బలమునకు గుర్తు. పాత బోల్టులనే మరల వాడుట తగదు.

సాధారణముగా ఒక్కొక్క చక్రమునకు 6 బ్లేడ్లుండును. వానిలో 3 కుడి వంపువి, 3 ఎడమ వంపువి. 7 చక్రములుగల యంత్రమునకు 42 బ్లేడ్లు కావలెను. కొన్నిటిని మాత్రమే మార్చినచో పొడవులలో తేడావచ్చి యంత్రము అదరును, బేరింగులు చెడును. కావున మొత్తమును ఒకేమారు మార్చుట ఉత్తమము.

పని మొదలిడుటకు ముందు ఇంజను ఆపి, తాళము తీసి, పైకెత్తిన రోటవేటరు క్రింద గట్టి దిమ్మెలు పెట్టవలెను. ఇది ఎంతమాత్రము ఉపేక్షింపరాదు. బ్లేడ్లన్నియు ఒకేసారి నేలను తాకకుండుటకై అవి మెలికగా అమరియుండును. అన్నిటిని ఒక్కసారి విప్పివేసినచో ఆ వరుస మరచిపోవుదుము. ఒక్కొక్కటి విప్పి, దాని స్థానమున కొత్తదానిని బిగించుట సులభము. వాడి అంచు ముందుగా నేలను తాకవలెను. తారుమారైనచో కత్తి వీపు మట్టిని మోదును, ట్రాక్టరు మూలుగును, గడ్డి తెగదు.

గడ్డి వరుసలను ముందుగా పరచియో, పశువులకై కట్టలు కట్టించియో, పిదప నెమ్మదిగా దున్నించవలెను. కలిపిన గడ్డి మురుగుచు తొలుత నేలలోని నత్రజనినే వాడుకొనును. ఆ దశలో నాటిన పైరు పసుపువన్నెకు తిరుగును. కనుక నాట్లకు రెండు మూడు వారముల ముందే ఈ పని ముగియవలెను. కొత్త బ్లేడ్లతో మొదటి గంట దున్నిన పిమ్మట యంత్రమును ఆపి, బోల్టులన్నిటిని మరల ఒకసారి బిగించవలెను.