కంచె చేను మేయకుండా డి విటమిన్ కాపలా

చేనుకు కంచె వేసేది పంటను కాపాడటానికి. ఆ కంచే చేను మేస్తే రైతు ఎవరితో చెప్పుకుంటాడు? మనిషి ఒంట్లోనూ ఒక్కోసారి ఇదే జరుగుతోంది. రోగక్రిములను తుదముట్టించవలసిన రక్షణ కణాలు దారితప్పి సొంత శరీరం మీదనే పడుతున్నాయి. వేళ్లు వాచి వంకరలు తిరిగే రుమటాయిడ్ కీళ్లవాతం, పసితనంలోనే ఇన్సులిన్ సూది తప్పనిసరి చేసే మొదటి రకం చక్కెర వ్యాధి, చర్మంపై తెల్లమచ్చలు వేసే బొల్లి, నరాలను దెబ్బతీసి కాళ్లు చచ్చుబడేలా చేసే మల్టిపుల్ స్క్లెరోసిస్ ఈ కోవకు చెందినవే. ఇవి అంటువ్యాధులు కావు. ఎవరి పాపఫలమూ కావు.

ఈ తిరుగుబాటును అదుపులో పెట్టే శక్తి ఎండ వల్ల ఒంట్లో తయారయ్యే డి విటమిన్‌కు ఉందా అన్న ప్రశ్నపై ఏళ్ల తరబడి పరిశోధన చేసినవారిలో అమెరికా శాస్త్రజ్ఞురాలు మార్గరీటా కాంటోర్నా ఒకరు. ఆమె, ఆమె తోటివారు తేల్చిన విషయాలు పల్లె ప్రజలందరూ తెలుసుకోదగినవి. ముఖ్యంగా కీళ్లనొప్పులని చెప్పి నెలకో డి విటమిన్ సూది వేయించుకునేవారు తప్పక తెలుసుకోవలసినవి.

టి కణాలంటే?

మన రక్తంలోని తెల్లకణాలలో ఒక జాతిని టి కణాలంటారు. ఇవి ఎముక మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ అనే గ్రంథిలో తర్ఫీదు పొందుతాయి. తనవారెవరో, పైవారెవరో గుర్తుపట్టడమే ఆ తర్ఫీదు. సొంత శరీరంపై కాలు దువ్వే కణాలను ఆ గ్రంథిలోనే ఏరిపారేయడం జరుగుతుంది. నారుమడిలో కలుపు తీసినట్లన్న మాట. అయినా కొన్ని కళ్లుగప్పి బయటపడతాయి.

అలా తప్పించుకున్నవాటిని అణచి ఉంచడానికి మరో రకం టి కణాలు కాపలా తిరుగుతుంటాయి. వీటి ఉనికిని జపాన్ శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి 1995లో నిరూపించారు. ఇందుకు ఆయనకూ, ఇదే రంగంలో కృషి చేసిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనే అమెరికన్లకూ 2025లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఈ కాపలా కణాలు బలహీనపడిననాడు కంచె చేను మేయడం మొదలవుతుంది.

పాడికి పేరైన సీమలో

కాంటోర్నా మొదట పనిచేసిన విస్కాన్సిన్ అమెరికాలో పాడి పరిశ్రమకు పేరుపొందిన రాష్ట్రం. డి విటమిన్ పరిశోధనకూ అది పుట్టినిల్లు వంటిది. ఆహారంపై అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేస్తే దానిలో డి విటమిన్ పుడుతుందని 1924 ప్రాంతంలో అక్కడి విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ స్టీన్‌బాక్ కనుగొన్నారు. పిల్లల ఎముకలు మెత్తబడి కాళ్లు వంగిపోయే రికెట్స్ వ్యాధి అణగారడానికి ఆ పరిశోధన ఎంతగానో తోడ్పడింది.

చాలాకాలం డి విటమిన్ అంటే ఎముకల మాటే. చర్మంపై ఎండ పడినప్పుడు పుట్టే ఈ పదార్థం కాలేయంలో ఒకసారి, మూత్రపిండాలలో మరోసారి మార్పు చెంది, తిన్న ఆహారంలోని సున్నపు ధాతువును ఒంటికి పట్టిస్తుందని మాత్రమే తెలుసు. 1983లో ఒక కొత్త సంగతి బయటపడింది. పోరుకు దిగిన టి కణాలలో డి విటమిన్‌ను అందుకునే గ్రాహకం ఉన్నదని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. తాళం ఉన్నదంటే దానికి తాళపుచెవితో పని ఉన్నట్లే కదా! ఎముకలతో సంబంధం లేని కణానికి డి విటమిన్‌తో పనేమిటన్న ప్రశ్న అక్కడ మొదలైంది.

అప్పటికే మరో విడ్డూరం వైద్యుల దృష్టిలో ఉంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధి భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఎండ దేశాలలో అరుదు. ఎండ తక్కువగా ఉండే ఉత్తరాది చలి దేశాలలో ఎక్కువ. ఆ చలి దేశాలలో ఒకటైన నార్వేలో చేపలు తినే సముద్రతీర గ్రామాలలో తక్కువగానూ, లోపలి వ్యవసాయ గ్రామాలలో ఎక్కువగానూ కనిపించింది. కొవ్వు ఎక్కువగా ఉండే సముద్రపు చేపలలో డి విటమిన్ దండిగా ఉంటుంది. ఈ ఆధారాలన్నిటినీ కలిపి చూసి, డి విటమిన్ ఈ వ్యాధికి అడ్డుకట్ట కావచ్చునని వాదించినవారిలో విస్కాన్సిన్ ప్రొఫెసర్ కొలీన్ హేస్ ముఖ్యులు.

చిట్టెలుకల సాక్ష్యం

హేస్, కాంటోర్నా, హెక్టర్ డెలూకా కలిసి చేసిన ప్రయోగం 1996లో వెలువడింది. నరాల పైపొర మీద సొంత టి కణాలే దాడి చేసేలా చిట్టెలుకలకు వ్యాధి కల్పించారు. ఈ వ్యాధిలో మొదట తోక వాలిపోతుంది, తర్వాత వెనుక కాళ్లు చచ్చుబడతాయి. చైతన్య రూపంలోని డి విటమిన్‌ను మొదటినుంచీ ఇచ్చిన ఎలుకలకు వ్యాధి రాలేదు. లక్షణాలు కనిపించాక ఇచ్చినవాటిలో వ్యాధి ముదరకుండా నిలిచిపోయింది. డి విటమిన్ ఆపివేయగానే వ్యాధి మళ్లీ ముందుకు సాగింది. అంటే అది వ్యాధిని వేళ్లతో పెకలించలేదు. కాపలా ఉన్నంతసేపే రక్షణ.

ఆ తర్వాత పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్లిన కాంటోర్నా పేగులకు పుండ్లు పడే వ్యాధిని ఇదే రీతిలో పరిశీలించారు. డి విటమిన్ కొరవడిన ఎలుకలు విరేచనాలతో త్వరగా చిక్కిపోయినట్లు 2000లో వెల్లడైంది. డి విటమిన్ నేరుగా టి కణాల మీదనే పనిచేస్తుందని హేస్ బృందం 2011లో నిర్ధారించింది. దాడి చేసే టి కణాల జోరు తగ్గించి, కాపలా టి కణాలకు బలమివ్వడం దీని తీరు.

మనుషుల మాటేమిటి?

ఎలుకలో పనిచేసిందల్లా మనిషిలో పనిచేయదు. అందుకే పరిశోధన మనుషుల దాకా వచ్చింది. 1966లో ఉత్తర ఫిన్లాండ్‌లో పుట్టిన పదివేల మందికి పైగా పిల్లలను దశాబ్దాల పాటు గమనించారు. చంటితనంలో రోజుకు 2,000 యూనిట్ల డి విటమిన్ క్రమంగా పడినవారిలో, అంతకంటే తక్కువ పడినవారికన్నా మొదటి రకం చక్కెర వ్యాధి బాగా తక్కువగా ఉన్నట్లు 2001లో వెల్లడైంది. అయితే చూసి లెక్కగట్టడం వేరు, మందు ఇచ్చి పరీక్షించడం వేరు.

మందు ఇచ్చి చేసిన పెద్ద పరీక్ష అమెరికాలో జరిగింది. 25,871 మంది నడివయసు దాటినవారిలో సగం మందికి రోజుకు 2,000 యూనిట్ల డి విటమిన్, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఐదేళ్లకు పైగా ఇచ్చారు. ఫలితాలు 2022లో వెలువడ్డాయి. డి విటమిన్ తీసుకున్నవారిలో 123 మందికి, తీసుకోనివారిలో 155 మందికి ఈ తిరుగుబాటు వ్యాధులు కొత్తగా వచ్చాయి. అంటే 22 శాతం తగ్గుదల. మాత్రలు ఆపిన రెండేళ్లకు ఆ మేలు దాదాపు కరిగిపోయినట్లు తర్వాతి పరిశీలనలో తేలింది. ఎలుకలు చెప్పిందీ అదే.

వ్యాధి వచ్చినవారి విషయంలో ఫలితాలు ఒకే తీరుగా లేవు. మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులపై అమెరికాలో జరిగి 2023లో వెలువడిన పరీక్షలో పెద్ద మోతాదు వల్ల ప్రయోజనం కనిపించలేదు. ఫ్రాన్స్‌లో వ్యాధి తొలిదశలో ఉన్న 316 మందిపై జరిగి 2025లో వెలువడిన పరీక్షలో మాత్రం కొంత మేలు కనిపించింది. కనుక డి విటమిన్ కాపలాదారే తప్ప సంజీవని కాదు.

ఎండ ఉన్నా కొరతే

మనకు ఎండకు కరువా అనుకోవచ్చు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు చుట్టుపక్కల పల్లెలవారినీ, పట్టణవాసులనూ పరీక్షించి 2007లో ప్రకటించిన వివరాలు ఈ ధీమాను దెబ్బతీశాయి. పొలం పనులకు వెళ్లేవారిలో డి విటమిన్ పట్నవాసులకన్నా మెరుగ్గానే ఉంది. అయినా పల్లె స్త్రీలలో సైతం ఎక్కువమందికి చాలినంత లేదు. దానికి తోడు తిండిలో సున్నపు ధాతువు కూడా తక్కువే. ఆ ప్రాంతంలో డి విటమిన్ బాగా తయారయ్యేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య పడే ఎండలోనని కూడా తేలింది. పొద్దున్నే కాచే నీరెండ ఒంటికి హాయినిచ్చినా ఈ పనికి అంతగా అక్కరకు రాదు.

అలాగని వడగాడ్పుల రోజుల్లో నడిమధ్యాహ్నం ఎండలో కూర్చోరాదు. వడదెబ్బ ప్రాణాంతకం. చలికాలంలోనూ, ఎండ మితంగా ఉన్న రోజులలోనూ చేతులు, ముఖం, కాళ్లకు కొద్దిసేపు తగలనిస్తే మంచిది. రోజంతా మగ్గం గుంటలోనో, బీడీలు చుడుతూ ఇంటి చూరు కిందనో గడిపేవారు ఇది గుర్తుంచుకోవాలి. అయితే లూపస్ అనే వ్యాధి ఉన్నవారికి ఎండే శత్రువు. వారు డాక్టరు మాట దాటరాదు.

సూదితో జాగ్రత్త

డి విటమిన్ సూదిమందు ఒక్కొక్కటి 6 లక్షల యూనిట్ల మోతాదులో దొరుకుతోంది. అమెరికా పరీక్షలో రోజుకు ఇచ్చింది 2,000 యూనిట్లు. ఆ లెక్కన ఒక్క సూది 300 రోజుల మోతాదుకు సమానం. నొప్పి తగ్గలేదని నెలకొకటి పొడిపించుకుంటే రెండున్నరేళ్ల మందు మూడు నెలల్లో ఒంట్లో చేరినట్లే. డాక్టరు కొన్ని వారాలకని రాసిన 60,000 యూనిట్ల పొట్లాలను పాత చీటీతో ఏడాది పొడవునా కొనుక్కుని తాగడం కూడా ఇలాంటి పొరపాటే.

ఎండ వల్ల పుట్టే డి విటమిన్ మితిమీరదు. ఎక్కువైనదానిని చర్మమే విరిచేస్తుంది. సూది ద్వారా, నోటి ద్వారా వెళ్లినదానికి ఆ అడ్డు లేదు. అది మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మతి తప్పడం వంటివి కనిపిస్తాయి. చివరకు మూత్రపిండాలే దెబ్బతినవచ్చు. ఈ లక్షణాలు కనిపిస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అసలు ముప్పు మరొకటి కూడా ఉంది. డి విటమిన్ చాలునని ఇన్సులిన్ మానేసిన చక్కెర వ్యాధి పిల్లవాడు కొద్దిరోజులలోనే ప్రాణాపాయంలో పడతాడు. కీళ్లవాతం మందు ఆపితే వంకరపోయిన వేళ్లు మళ్లీ తిన్నగా రావు. పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు గంటకు పైగా బిగదీసుకుపోయి, రెండు చేతులకూ వాపు ఉంటే అది కేవలం వయసు నొప్పి కాకపోవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకుని, అక్కడి డాక్టరు చెబితే పెద్దాసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవాలి. డి విటమిన్ తక్కువని తేలితే డాక్టరు రాసినంతే, రాసినన్నాళ్లే వాడాలి.